దేశం సగటుతో మన వరిని పోల్చేటప్పుడు లెక్క ఎక్కడ తప్పుతోంది?

హన్మకొండ ఎకనామిక్స్

అందరికీ నమస్తే. డిగ్రీ పిల్లల ప్రాజెక్టు ఇది. 1950-51 నుంచి దేశంలో తిండిగింజల ఉత్పత్తి ఎట్ల పెరిగింది, అందులో ఉత్పాదకత పాత్ర ఎంత, ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల వరి దాని పక్కన ఎక్కడ నిలుస్తది అని రాయాలె. మూడు చోట్ల చిక్కు పడ్డది.

ఒకటి: ఇక్కడ ఎకరానికి 24 క్వింటాళ్లు అంటే హెక్టారుకు దాదాపు 6,000 కిలోలు. దేశం సగటు సుమారు 2,800 కిలోలు అని ఉంది. మనది రెట్టింపు దాటిందని రాయొచ్చా? నమ్మబుద్ధి అయితలేదు.

రెండు: ఉత్పత్తి ఆరు రెట్లు దాటిందని ఒక పేజీలో ఉంది. జీడీపీలో సాగు వాటా సగం నుంచి 18 శాతానికి దిగిందని ఇంకో పేజీలో ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎట్ల నిజమైతయో పిల్లలకు ఎట్ల చెప్పాలె?

మూడు: ఉత్పాదకత అన్న చోట ఎకరా దిగుబడి రాస్తే సరిపోతదా?

పాకాల ఆయకట్టు

సార్, మీ అనుమానం నిజమే. మీరు వడ్లను బియ్యంతో పోలుస్తున్నరు. కేంద్రం పట్టికల్లో వరి దిగుబడి బియ్యం బరువులో ఉంటది. కల్లంలో, కొనుగోలు కేంద్రం కాంటా మీద ఉండేవి వడ్లు. దానికి తేమ తోడైతది.

అసలు ఆ అంకె ఎట్ల పుడుతదో పిల్లలకు చూపిస్తే సగం గందరగోళం పోతది. వరిలో పంట కోత ప్రయోగం 5 మీటర్లకు 5 మీటర్ల గడిలో చేస్తరు. ఏ ఊరు, ఏ సర్వే నంబరు, మడిలో ఏ చోట అన్నది యాదృచ్ఛిక అంకెలే చెప్పాలె, మనిషి కన్ను చెప్పొద్దు. మడి నైరుతి మూల నుంచి పొడవుకు ఇన్ని అడుగులు, అడ్డానికి ఇన్ని అడుగులు నడిచి మొదటి మేకు కొట్టాలె. నాలుగు మేకులకు తాడు లాగినంక మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తే 7 మీటర్ల 7 సెంటీమీటర్లు రావాలె. రాకుంటే నాలుగు పక్కలూ 5 మీటర్లున్నా గడి వంకర పోయినట్టే, లోపలి జాగ తగ్గినట్టే.

ఆ గడి 25 చదరపు మీటర్లు, హెక్టారులో 400వ వంతు. తూగిన కిలోలను 400తో గుణిస్తే హెక్టారు లెక్క, 162తో గుణిస్తే ఎకరా లెక్క. 15 కిలోలు తూగినయి అనుకోండి. 15 × 400 = 6,000. మీ అంకె సరిగ్గా ఇదే. కానీ అవి అప్పుడే కోసిన పచ్చి వడ్లు, తేమ 22 శాతం దాకా ఉంటది. 14 శాతానికి ఆరితే 15 × 78 ÷ 86, అంటే 13.6 కిలోలు. హెక్టారుకు 5,440. మిల్లులో క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం లెక్కన 3,645 కిలోలు. ఇప్పుడు 2,800తో భాగించండి: 1.3 రెట్లు. రాయాల్సిన అంకె ఇది.

తప్పులు ఎక్కడ జరుగుతయో కూడా రాయించండి, ఎందుకంటే గడిలో ఒక కిలో తప్పితే హెక్టారుకు 400 కిలోలు తప్పుతది. మేకు పల్చటి చోట పడ్డదని నాలుగడుగులు ఒత్తు పైరులోకి జరుపుతరు. తాడు మీద పడ్డ కుదుళ్లన్నీ లోపలేసుకుంటరు; మొదలు సగానికి మించి లోపలుంటేనే తీసుకోవాలె. నమూనా ఆరబెట్టకుండా పచ్చి బరువే రాస్తరు. ఈ మూడూ దిగుబడిని పైకి నెట్టేవే. అందుకే వంద ప్రయోగాల సగటు తీసినా ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ఇంకొకటి, హార్వెస్టర్ వెనక రాలిపోయే గింజ చేతికోత గడిలో కనపడదు.

దశాంశం

రెండో చిక్కుకు జవాబు. ముందు దేశం లెక్కను విస్తీర్ణం, దిగుబడి అని రెండుగా విడదీయండి.

1950-51లో తిండిగింజల విస్తీర్ణం 9.73 కోట్ల హెక్టార్లు, దిగుబడి హెక్టారుకు 522 కిలోలు, ఉత్పత్తి 5.08 కోట్ల టన్నులు. 2023-24లో విస్తీర్ణం సుమారు 13.2 కోట్ల హెక్టార్లు, దిగుబడి సుమారు 2,500 కిలోలు, ఉత్పత్తి 33.2 కోట్ల టన్నులు. విస్తీర్ణం 1.36 రెట్లు, దిగుబడి 4.8 రెట్లు, రెండూ గుణిస్తే 6.5 రెట్లు. వాటాలు తీయాలంటే ఈ రెట్ల సహజ లాగరిథం వాడాలి, శాతాలను నేరుగా కూడితే మొత్తం కలవదు. 0.31 విస్తీర్ణానిది, 1.57 దిగుబడిది, మొత్తం 1.88. అంటే పెరుగుదలలో ఆరింట ఐదు వంతులు దిగుబడివే. ఉత్పత్తి 73 ఏళ్లకు సగటున ఏటా 2.6 శాతం పెరిగినట్టు.

ఇదే కత్తితో తెలంగాణ వరిని కోయండి, బొమ్మ తిరగబడుతుంది. 2014-15లో వరి సుమారు 35 లక్షల ఎకరాలు, వడ్లు సుమారు 68 లక్షల టన్నులు: ఎకరానికి 19.5 క్వింటాళ్లు. 2022-23లో రెండు కార్లూ (వానకాలం, యాసంగి పంటలు) కలిపి 1.2 కోట్ల ఎకరాలు, వడ్లు రెండున్నర కోట్ల టన్నులకు పైన: ఎకరానికి 21 క్వింటాళ్లకు కాస్త అటుఇటు. విస్తీర్ణం దాదాపు మూడున్నర రెట్లయింది, దిగుబడి పదో వంతు పెరిగింది. దేశం పైకి వచ్చింది విత్తనంతో, ఎరువుతో, ఎకరా నుంచి ఎక్కువ తీసి. ఆ ఎనిమిదేళ్లలో మనం పైకి వచ్చింది నీళ్లతో, ఎకరాలు పెంచి. మీ నివేదికలో ఈ తేడా మొదటి పేజీలోనే ఉండాలని నా అభిప్రాయం.

ఒక జాగ్రత్త. 2014-15 ఇక్కడ వానలు తక్కువ పడ్డ ఏడు. అలాంటి ఏడును మొదలుగా పెట్టుకుంటే ఏ లెక్కైనా ఉబ్బుతుంది. ఇది ఎంత ప్రమాదమో దేశం అంకెల్లోనే కనిపిస్తుంది. 2001-02లో 21.28 కోట్ల టన్నులు, కరువొచ్చిన 2002-03లో 17.48, మరుసటేడు 21.32. 2002-03 నుంచి కొలిస్తే ఒక్క ఏడాదిలో 22 శాతం వృద్ధి. దానికి ముందేడు నుంచి కొలిస్తే రెండేళ్లలో వృద్ధి లేనట్టే. అందుకే మొదట మూడేళ్ల సగటు, చివర మూడేళ్ల సగటు తీసుకుని వాటి మధ్య లెక్కకట్టండి.

వాటా సంగతి ఇంకా సులువు. సాగు ఏటా 3 శాతం, మొత్తం ఆర్థిక వ్యవస్థ 6 శాతం పెరిగాయనుకుందాం. 50 శాతం వాటాతో మొదలైతే 30 ఏళ్లకు 50 × (1.03 ÷ 1.06)³⁰ = 21 శాతం. సాగు ఒక్క ఏడు కూడా తగ్గలేదు, వాటా మాత్రం సగానికి దిగువకు పోయింది. ఆదాయం పెరిగినవాడు అన్నం రెండింతలు తినడు. మిగిలింది బట్టకు, బడికి, బండికి పోతుంది.

బాధ కలిగించే అంకె వాటా కాదు, దాని పక్కన ఉండే మనుషుల లెక్క. 2023-24 శ్రామిక సర్వే ప్రకారం పనిచేసేవాళ్లలో 46 శాతం సాగులోనే ఉన్నారు. 18ని 46తో భాగిస్తే 0.39, మిగతా 82ని 54తో భాగిస్తే 1.52. సాగు బయట మనిషి సృష్టించే విలువ సాగులో మనిషికి దాదాపు నాలుగింతలు. 2018-19లో 42.5 శాతానికి దిగిన సాగు పనివాళ్ల వాటా కరోనా తర్వాత మళ్లీ ఎక్కింది. ఉత్పత్తి పెరుగుతున్న ఏళ్లలోనే తలసరి ఉత్పాదకత ఎందుకు నీరసపడిందో పిల్లలకు ఇక్కడ చూపించవచ్చు.

హన్మకొండ ఎకనామిక్స్

ఇద్దరికీ ధన్యవాదాలు. వడ్లు, బియ్యం తేడా వెంటనే దిద్దుతున్న. ఒక్క మాట: అయితే తెలంగాణలో ఉత్పాదకత పెరగలేదనే రాయాల్నా? పత్తికి కూడా ఇట్లనే యూనిట్ల తిప్పలు ఉంటదా?

ఎనుమాముల కాంటా

పత్తికి ఇంకా ఎక్కువ. మన దగ్గర క్వింటాలు అంటే గింజతో ఉన్న పత్తి. జాతీయ లెక్క దూదిలో ఉంటది. జిన్నింగులో (గింజ వేరుచేసే మిల్లులో) క్వింటాలుకు 33 నుంచి 35 కిలోల దూది దిగుతది. ఎకరానికి 8 క్వింటాళ్లు వస్తే 34 లెక్కన దూది 272 కిలోలు, 2.471తో గుణిస్తే హెక్టారుకు 672. దేశం సగటు 450 దగ్గర ఉంటది. బేలు లెక్కలో ఉంటే ఒక బేలు 170 కిలోల దూది, దాన్ని గింజ పత్తి అనుకుంటే లెక్క మూడింతలు తప్పుతది. 2002లో బీటీకి (కాయతొలుచు పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తి విత్తనానికి) అనుమతి వచ్చినంక కొన్నేళ్లు దిగుబడి బాగా లేచింది. గులాబీ రంగు పురుగు బీటీ-2కు తట్టుకున్నంక ఆ ఊపు పోయింది. కాబట్టి పత్తికి ఒకే గీత గీయకండి, రెండు ముక్కలుగా గీయండి.

పసుపు రాస్తే పచ్చి కొమ్మా, ఉడకబెట్టి ఆరబెట్టిందా అడగండి. 100 క్వింటాళ్ల పచ్చిదానికి ఎండినంక 20 నుంచి 25 క్వింటాళ్లే మిగులుతది. నిజామాబాద్ మార్కెట్ ధర ఎండు కొమ్ముది. పచ్చి బరువును ఎండు ధరతో గుణిస్తే జిల్లా మొత్తం కోటీశ్వరులైనట్టు వస్తది.

కాకతీయ కాలువ

హన్మకొండ సార్, "పెరగలేదు" అని రాయకండి. దేనికి ఎంత అన్నది తేల్చకుండా ఉత్పాదకత మాటకు అర్థం లేదు.

వానకాలం ఒక్క కారే పండే నేల ఏడాదికి 20 క్వింటాళ్లు ఇచ్చేది. అదే నేల యాసంగి కూడా పండితే కారుకు 22 చొప్పున 44. కారు లెక్కన పదో వంతు, నేల లెక్కన రెండింతలు పైన. పట్టికలో మొత్తం సాగు విస్తీర్ణం అంటే అదే నేల కారుకోసారి లెక్కకొస్తది, నికర సాగు విస్తీర్ణం అంటే ఒక్కసారే. రెండోదాంతో భాగించిన నిలువు వరుస ఒకటి తప్పక పెట్టండి. చిన్న విషయం, యాసంగిలో ఎండ ఎక్కువ, తెగుళ్లు తక్కువ, వానకాలం కంటే కారు దిగుబడి బాగుంటది. యాసంగి వాటా పెరిగితేనే సగటు లేస్తది, వంగడం మారకపోయినా. కార్లను విడివిడిగా చూపాలె.

వంగడాల గొప్పతనం కూడా ఎకరా సగటులో పూర్తిగా కనపడదు. వరంగల్ ప్రాంతానికి ఉల్లికోడు (వరి పిలకను ఉల్లికాడలా మార్చే పురుగు) పాత శత్రువు. దాన్ని తట్టుకునే డబ్ల్యూజీఎల్, జేజీఎల్ రకాలు వరంగల్, పొలాస పరిశోధన స్థానాల నుంచి వచ్చినయి. అవి చేసిన మేలు "పోకుండా ఆగిన పంట". 150 రోజుల సాంబ మసూరి జాగలో 125 రోజుల తెలంగాణ సోనా వస్తే క్వింటాళ్లు పెరగకున్నా 25 రోజుల నీళ్లు మిగులుతయి.

నీళ్ల లెక్క ఇదీ. వరికి కారుకు 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి 4,856 ఘనపు మీటర్లు, అంటే 48.5 లక్షల లీటర్లు. 24 క్వింటాళ్లు పండితే కిలో వడ్లకు 2,000 లీటర్లు. ఒక టీఎంసీకి 5,800 ఎకరాలు. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువలో పల్లానికి వచ్చే నీటికి కరెంటు ఖర్చు లేదు. అదే నీటిని నూరు మీటర్లు ఎత్తి పోస్తే, పంపు సామర్థ్యం 75 శాతం అనుకున్నా, ఘనపు మీటరుకు 0.36 యూనిట్లు, ఎకరానికి ఒక కారుకు సుమారు 1,760 యూనిట్లు. కాళేశ్వరం ఎత్తిపోతల మొదలయ్యే మేడిగడ్డ దగ్గర నూరు మీటర్ల మట్టం నుంచి కొండపోచమ్మ సాగర్ మట్టం 600 మీటర్లు దాటి ఉంది. ఆ తేడాకు ఐదింతలు వేసుకోండి. రైతు బిల్లులో, ఎకరా దిగుబడిలో ఇది ఎక్కడా పడదు. దేశం ఖర్చులో పడుతది.

ఇవన్నీ కలిపి తూచేదే మొత్తం కారకాల ఉత్పాదకత. ఉత్పత్తి ఎంత శాతం పెరిగిందో దాంట్ల నుంచి, ఖర్చు వాటాలతో తూచిన ఇన్‌పుట్ల పెరుగుదల తీసేయాలె. మాటకు: ఉత్పత్తి 10 శాతం పెరిగింది. ఎరువు 20 శాతం పెరిగింది, ఖర్చులో వాటా 15: కలిసేది 3. యంత్రాలు 40 శాతం, వాటా 25: కలిసేది 10. కైకిలి (కూలి పని) 25 శాతం తగ్గింది, వాటా 40: పోయేది 10. మిగతా 20 మారలేదు. ఇన్‌పుట్లు మొత్తం 3 శాతం, ఉత్పాదకత 7 శాతం. కైకిలి తగ్గుదల మరిచిపోతే ఇన్‌పుట్లు 13 శాతమైతయి, ఉత్పాదకత 3 శాతం తగ్గినట్టు తేలుతది. నాట్లు, కోతలు యంత్రాలకు మారిన మన జిల్లాల్లో ఈ ఒక్క తప్పే మొత్తం తీర్పును తలకిందులు చేస్తది.

హన్మకొండ ఎకనామిక్స్

చాలా స్పష్టమైంది. చివరి అనుమానం: జిల్లా సాగు విలువ కట్టేటప్పుడు పెట్టుబడి మొత్తం తీసేయాల్నా? ధర ఏ ఏడాదిది వేయాలె?

దశాంశం

ముందు ధర. 2014-15లో 20 క్వింటాళ్లు, సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 1,360 రూపాయలు: ఎకరానికి 27,200. 2025-26లో 22 క్వింటాళ్లు, ధర 2,369: 52,118. విలువ 92 శాతం పెరిగినట్టు. రెండో ఏడుకు కూడా 1,360 వేస్తే 29,920, పెరిగింది 10 శాతం. ఉత్పత్తి గురించి రాసేటప్పుడు స్థిర ధర. రైతు ఆదాయం గురించి రాసేటప్పుడు ప్రస్తుత ధర, పక్కనే ఖర్చులు కూడా. సన్న వడ్లకు రాష్ట్రం ఇచ్చే క్వింటాలుకు 500 బోనస్‌ను స్థిర ధర లెక్కలో కలపకండి.

పెట్టుబడిలో తీసేయాల్సింది విత్తనం, ఎరువు, పురుగుమందు, డీజిల్, కరెంటు, నీటి తీరువా. ఇంటి విత్తనం, పెంట ఎరువు కూడా ధర కట్టి తీయాలి. కైకిలి తీయకూడదు, కౌలు తీయకూడదు. అవి సాగు సృష్టించిన విలువలో నుంచే కూలీకి, భూమి యజమానికి పంచిన భాగాలు. ఎకరానికి ఇచ్చే పెట్టుబడి సాయం ఉత్పత్తి విలువలో కలవదు. పాలు, గొర్రెలు, కోళ్లు, చెరువు చేపలు వేరే వరుసలో కలపండి. దేశంలో సాగు విలువలో పశుసంపద ఒక్కటే దాదాపు 30 శాతానికి వచ్చింది, వరి పత్తి మాత్రమే రాస్తే జిల్లా చిన్నగా కనిపిస్తుంది.