అప్‌డేట్: మా గుర్రాన్ని బయటికి తీసుకెళ్లాం

తొమ్మిదేళ్ల మా మార్వాడీ ఆడగుర్రం ఎప్పుడూ లాయం దాటలేదు, పోటీకి తీసుకెళ్తే దానికేమైనా మేలుందా, లేక మన సరదా కోసమేనా అని మూడు నెలల కిందట అడిగాను. ముందు ఊరికే తిప్పి తీసుకురండి అన్నవాళ్లందరికీ చాలా థ్యాంక్స్. అదే చేశాం.

మొదటిసారి గంట దూరంలోని ఇంకో లాయానికి వెళ్లాం, తోడుగా దాని పక్క గదిలో ఉండే ముసలి గుర్రాన్ని కూడా ఎక్కించి. దిగగానే తల పైకెత్తి ఒకటే సకిలింపు, మెడంతా చెమట. అక్కడి నీళ్లకి మూతి ఆనించి వదిలేసింది. గుర్రాల్ని చూసుకునే మా సాయిస్ అన్న ఇంటి నుంచి డబ్బాలో తెచ్చిన నీళ్లు పోస్తే గటగటా తాగేసింది! గుర్రానికి విశ్రాంతిలో గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. అప్పుడు 72 ఉంది, గంటన్నరకి 40కి దిగింది. ఆ రోజు సవారీ చేయలేదు, గడ్డి మేపి తీసుకొచ్చేశాం.

నాలుగోసారికి దిగీ దిగగానే కింది పెదవి వేలాడేసి, వెనక కాలు ఒకటి సడలించి హాయిగా, నింపాదిగా నిలబడింది. చూసి నాకు కళ్లు చెమర్చాయి.

పోయిన వారం చిన్న పోటీలో 60 సెంటీమీటర్ల జంపులు చేసింది. చెవులు ముందుకు పెట్టి ఇష్టంగా దూకింది. కానీ రెండో రోజు దాణా సగం వదిలేసింది, అందుకే ఆ రోజు పోటీ మానేసి ఇంటికి తెచ్చేశాం. షికార్లు మాత్రం నెలకి రెండుసార్లు కొనసాగిస్తాం. పోటీలైతే ఒక్కరోజువే.

ప్రయాణంలో తల ఎత్తి కట్టేయొద్దు. తల దించి దగ్గలేకపోతే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా రావచ్చు.