మిల్క్‌వీడ్ ఆకులు తింటున్న పురుగులకు వేపనూనె కొట్టవచ్చా?

కూకట్‌పల్లి మిద్దె:
అందరికీ నమస్కారం. మా మిద్దె తోటకు సీతాకోకచిలుకలు రావాలన్న కోరికతో జూన్‌లో నర్సరీ నుంచి రెండు మిల్క్‌వీడ్ (జిల్లేడు కుటుంబపు పూల మొక్క) మొక్కలు తెచ్చి 12 అంగుళాల కుండీలలో నాటాను. ఎరుపు, పసుపు కలిసిన గుత్తిపూలు పూసే రకం. ఆగస్టు వచ్చేసరికి చిగుళ్ల నిండా పచ్చటి పేనుబంక పట్టింది. వంగకూ బెండకూ కొట్టినట్లే దీనికీ లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి పిచికారీ చేశాను. మరునాడు పొద్దున చూస్తే నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగులు నాలుగు కుండీ అంచున వాడిపోయి పడి ఉన్నాయి. అవి ఆ మొక్క మీద ఉన్న సంగతే నాకు అంతవరకు తెలియదు. ఏ సీతాకోకచిలుకల కోసం మొక్క తెచ్చానో వాటి పిల్లలనే చంపుకున్నానని తరువాత అర్థమైంది.

ఇప్పుడు ఒక మొక్కకు కాడలే మిగిలాయి. అది మళ్లీ చిగురిస్తుందా? మందు కొట్టకుండా పేనుబంకను వదిలించుకోవడం ఎలా? దీనికి బదులు జిల్లేడునే పెద్ద తొట్టిలో పెంచవచ్చా? మా అత్తయ్యగారు మాత్రం, ఇంట్లో జిల్లేళ్లు మొలవాలని గిట్టనివాళ్లు శపిస్తారు గానీ ఎవరైనా తెచ్చి నాటుకుంటారా అంటున్నారు.

గోదావరి గట్టు:
మీరు చూసినవి ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగులు అయి ఉంటాయి. ఈసారి కనిపిస్తే వీపు మీద చూడండి. తల దగ్గర, నడుమ, తోక దగ్గర ఒక్కో జత చొప్పున మూడు జతల నల్లటి మెత్తని కొమ్ములు ఉంటాయి. ఆకు వాటి కోసమే కాబట్టి, మొక్క బోసిపోయిందంటే మీ తోట పని చేస్తున్నట్లే లెక్క. కాడలను పీకివేయకండి. నీళ్లు మానకుండా పోస్తే కణుపుల దగ్గర మళ్లీ చిగురిస్తుంది. అయితే రెండు మొక్కలు చాలవు. ప్యూపాగా మారబోయే ముందు రోజుల్లో ఒక్కో పురుగు తినే తిండి చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. నేను కొమ్మలు కత్తిరించి నీళ్లలో వేళ్లు తెప్పించి ఆరు కుండీలకు పెంచుకున్నాను.

పేనుబంకను నీటి ధారతో కడిగివేయవచ్చు, లేదా చేతికి తొడుగు వేసుకుని చిగురును వేళ్ల మధ్య సున్నితంగా నలిపి తుడిచివేయవచ్చు. దానికి ముందు ఆకు అడుగున గసగసాల గింజంత తెల్లటి గుడ్లు ఉన్నాయేమో తప్పక చూసుకోండి. తల్లి సీతాకోకచిలుక వాటిని ఒక్కొక్కటిగా, విడివిడిగా పెడుతుంది. అక్షింతల పురుగులు చేరితే పేనుబంక పని అవే చూసుకుంటాయి. వేపనూనె మాత్రం ఈ మొక్క దరిదాపులకు రానివ్వకండి. అందులోని అజాడిరక్టిన్ పురుగును తిననివ్వదు, కుబుసం విడవనివ్వదు.

ఇక జిల్లేడు సంగతి. అదీ మిల్క్‌వీడ్ కుటుంబమే, పైగా మన నేల మొక్క. దాని తల్లివేరు లోతుకు దిగుతుంది కనుక తొట్టిలో సుఖపడదు. వీధి చివర ఖాళీ స్థలంలో ఒకటి ఉంటే దాని లేత ఆకులు కోసి తెచ్చి, మీ మొక్క బోసిపోయిన రోజుల్లో పురుగులకు వేసి చూడండి. మా ఇంట్లో చాలావరకు తిన్నాయి, ఒకటి రెండు మాత్రం ముట్టలేదు. కోసేటప్పుడు కళ్లు జాగ్రత్త. జిల్లేడు పాలు కంట్లో పడితే మొదట నొప్పి పెద్దగా తెలియకపోయినా చూపు మసకబారుతుంది. వెంటనే ధారాళంగా నీళ్లతో కడిగి వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

ఆస్టిన్ నుంచి:
మీరు తెచ్చినది అస్క్లెపియాస్ కురసావికా అనే మిల్క్‌వీడ్ రకం అనుకుంటాను. ఇక్కడ టెక్సాస్‌లో దాని మీద పెద్ద వాదమే నడుస్తోంది. ఇక్కడి స్థానిక మిల్క్‌వీడ్‌లు చలికాలానికి నేలమట్టం వరకు ఎండిపోతాయి. ఇది మాత్రం చలి తక్కువగా ఉన్నచోట పచ్చగానే నిలబడడంతో, మెక్సికో కొండలకు వలస పోవలసిన మోనార్క్ సీతాకోకచిలుకలు కొన్ని ఇక్కడే ఆగిపోతాయి. వాటిని పట్టే ఒక సూక్ష్మ పరాన్నజీవి బీజాలు ఆకుల మీద పేరుకుంటాయి. అందుకని అక్టోబరులో దీనిని మొదలుకంటా కత్తిరించమంటారు. నేను చివరికి స్థానిక రకానికి మారాను. దాని విత్తనాలను తడి ఇసుకలో కలిపి నెల రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే గానీ సరిగా మొలవలేదు. మోనార్క్‌ను ముప్పు ఉన్న జాతుల జాబితాలో చేర్చాలని ఇక్కడి కేంద్ర వన్యప్రాణి శాఖ 2024 డిసెంబరులో ప్రతిపాదించింది కూడా.

మీకు ఆ వలస చిక్కు లేదు. అయినా ముదురు కాడలను ఏడాదికి రెండు మూడు సార్లు కత్తిరిస్తే కొత్త ఆకు వస్తుంది, పురుగులకు కావలసినదీ అదే.

నల్లరేగడి:
పై సలహాలు మంచివే గాని, ఒక మాట చెప్పాలి. ఈ మొక్క మనది కాదు, అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చింది. కాయ పగిలితే విత్తనాలు దూదితో గాలిలో తేలిపోయి ఎక్కడపడితే అక్కడ మొలుస్తాయి. పెంచండి, కాని కాయలు పండకముందే తుంచివేయండి. అలాగే నర్సరీ మొక్కలకు పురుగుమందు కొట్టి ఉండే అవకాశం ఉంది కాబట్టి, మళ్లీ కొంటే పాత ఆకు తీసివేసి, కొత్త ఆకు బాగా వచ్చేవరకు పలుచటి వల కప్పి ఉంచండి.

వీలైతే ఒక గిలిగిచ్చ మొక్క కూడా పెట్టండి. టైగర్ జాతి మగ సీతాకోకచిలుకలు దాని వాడిన ఆకులను గీరి రసం పీల్చుకుంటాయి. ఆడవాటిని ఆకర్షించే వాసన తయారు చేసుకోవడానికి వాటికి అది అవసరం.

కూకట్‌పల్లి మిద్దె:
అందరికీ ధన్యవాదాలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. బోసిపోయిన మొక్క ప్రతి కణుపు దగ్గరా చిగురించింది. రెండో మొక్క మీద ఐదు పురుగులు కనిపించాయి, మూడు జతల కొమ్ములూ లెక్కపెట్టాను. వాటిలో ఒకటి కుండీ దిగి, నేల మీద ఆరడుగులు నడిచి, తులసికోట అంచు కింద లేత ఆకుపచ్చ ప్యూపాగా వేలాడుతోంది. అత్తయ్యగారు నాలుగు రోజులుగా తులసికి ఆ వైపు నుంచి నీళ్లు పోయడం లేదు. జిల్లేడు మాత్రం గేటు బయటే ఉండాలన్నారు.