ఇంజన్ ఆయిల్ మట్టం: పొద్దున చల్లని బండిలో చూడాలా, నడిపిన తరువాత చూడాలా?

సెమిలిగుడ ఉపాధ్యాయుడు:
అందరికీ నమస్కారం. నాది ఎనిమిదేళ్ల నాటి 100 సి.సి. బండి. ప్రతి ఆదివారం పొట్టంగి, సుంకి మీదుగా ఘాట్ దిగి సాలూరులో అమ్మను చూసి, సాయంత్రానికి తిరిగి ఎక్కి వస్తాను. మొన్న ఆదివారం పొద్దున బయలుదేరే ముందు గేజీ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) తీసి చూస్తే ఆయిల్ పై గీతకు దగ్గరగా ఉంది. ఇంటికి చేరగానే బండి ఆపి మళ్లీ చూస్తే కింది గీతకు కూడా అందలేదు. భయపడి సుమారు 100 మిల్లీలీటర్లు పోశాను. మరునాడు పొద్దున చూస్తే పై గీత దాటిపోయింది. కారిన మరక ఎక్కడా లేదు. ఒకే బండి, ఒకే ఆయిల్ అయినప్పుడు ఈ రెండు కొలతల్లో దేనిని నమ్మాలి?

జయపురం మేస్త్రీ:
మాస్టారూ, పొద్దున చూసినదే నిజం. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో పైనున్న ఆయిల్ చుక్క చుక్కగా అడుగుకు దిగిపోయి ఉంటుంది. బండి ఆపిన వెంటనే చూస్తే కామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) దగ్గర, క్లచ్ కవరులో, లోపలి గోడల మీద ఇంకా ఎంతో ఆయిల్ మిగిలి ఉంటుంది కనుక గేజీకి తక్కువే అందుతుంది. అది చూసి పోసేవారు ఎక్కువ. అలా పోసిన బళ్లు నా షాపుకు వచ్చినప్పుడు ఎయిర్ ఫిల్టరు పెట్టె నిండా ఆయిలే ఉంటుంది. మట్టం మరీ పెరిగితే తిరిగే క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ బ్రీదరు గొట్టం (ఇంజను లోపలి గాలి బయటకు పోయే దారి) గుండా బయటకు వస్తుంది. నురగతో సరిగా కందెన పట్టదు కాబట్టి, ఎక్కువ పోసినా తక్కువ పోసినట్టే నష్టం. అందుకే చల్లని బండిలో తప్ప చూడవద్దని నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను.

రాయగడ నుండి, పాత బళ్ల యజమాని:
మేస్త్రీ గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది, ఎక్కువ పోయడం గురించి ఆయన చెప్పినదంతా సత్యమే. అయితే “చల్లని బండిలో తప్ప” అన్న మాటతో నేను ఏకీభవించలేను. మన 100 సి.సి. బళ్ల మాన్యువళ్లలో సాధారణంగా ఉండే పద్ధతి వేరు: ఇంజనును మూడు నుండి ఐదు నిమిషాలు ఐడిలింగులో (థ్రాటిల్ ఇవ్వకుండా) తిప్పి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, ఆ తరువాత చూడాలి. ఆ ఆగడమే మాస్టారు చేయలేదు. ఆయన రెండో కొలత తప్పినది బండి వేడిగా ఉన్నందుకు కాదు, ఆపగానే చూసినందుకు.

వేడి వలన వచ్చే తేడా ఎంతో లెక్క వేద్దాం. ఖనిజ నూనె ఒక్కొక్క సెల్సియస్ డిగ్రీకి సుమారు 0.07 శాతం వ్యాకోచిస్తుంది. మన కొరాపుట్ పీఠభూమిలో చలికాలపు పొద్దున 10 డిగ్రీల దగ్గర ఉన్న ఆయిల్ ఘాట్ ఎక్కాక 80 డిగ్రీలకు చేరిందనుకున్నా, 800 మిల్లీలీటర్ల ఆయిల్ పెరిగేది 40 మిల్లీలీటర్ల లోపే. చల్లని బండిలో ఆయిల్ కుంచించుకుని ఉంటుంది కానీ మొత్తం కిందికి దిగి ఉంటుంది. వేడి బండిలో వ్యాకోచించి ఉంటుంది కానీ కొంత పైన మిగులుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు కనుక, ఓపికగా ఆగి చూసినవారికి రెండు కొలతలూ దగ్గరగానే వస్తాయి. ఆయిల్ మార్చిన రోజున మాత్రం ఇంజను తిప్పకుండా చూడనే కూడదు, ఎందుకంటే ఖాళీ అయిన దారులు, ఫిల్టరు నిండాకే అసలు మట్టం తెలుస్తుంది.

నా దృష్టిలో చలి, వేడి కంటే పెద్ద తప్పు సైడు స్టాండు మీద చూడటం. గేజీ కుడివైపున ఉన్న బండిని ఎడమకు వాల్చితే ఆయిల్ అటు జరిగి, సరిపడా ఉన్నా తక్కువ చూపుతుంది. మన ఊళ్లలో సమతలమైన నేల దొరకడం కష్టమే కానీ, వెతికి మెయిన్ స్టాండు వేయాలి. ఇంకొకటి: ఈ తరహా బళ్లలో గేజీని తుడిచి, మరలు తిప్పకుండా రంధ్రం అంచున ఆనించి చూడమంటారు. బిగిస్తే పుల్ల మరింత లోతుకు దిగి, లేని ఆయిల్‌ను ఉన్నట్టు చూపుతుంది. కొన్ని బళ్లకు బిగించే చూడమని ఉంటుంది కనుక ఎవరి పుస్తకం వారు చదవాలి.

జయపురం మేస్త్రీ:
ఆయిల్ మార్చిన రోజు గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను, మేమూ షాపులో తిప్పే చూస్తాము. ఆగమంటే ఆగేవారు తక్కువ కాబట్టే పొద్దున చూడమంటాను. కానీ నా అసలు ఆక్షేపణ మరొకటి ఉంది. మట్టం నిజంగానే తగ్గుతున్నప్పుడు పోసుకుంటూ పోవడం వైద్యం కాదు. మాస్టారూ, ఘాట్ దిగేటప్పుడు థ్రాటిల్ మూసి గేరు మీద బండిని ఆపుకుంటూ వస్తారు కదా! అప్పుడు సిలిండరు పైన, ఇన్‌టేక్ వైపు శూన్యత పెరుగుతుంది. వాల్వు సీలు (వాల్వు కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపే రబ్బరు) అరిగి ఉంటే ఆయిల్ ఆ సందులోంచి లోపలికి పీల్చుకుపోతుంది. దిగువన మళ్లీ థ్రాటిల్ ఇచ్చిన క్షణంలో నీలం పొగ వస్తే సీలును అనుమానించాలి. ఎక్కుడులో లాగుతున్నంతసేపూ పొగ వస్తే పిస్టన్ రింగుల వైపు చూడాలి. కలపవలసి వస్తే అదే గ్రేడు, జాసో ఎం.ఎ. (ఆయిల్‌లో తడిసే క్లచ్చు ఉన్న బళ్లకు తగిన జపాన్ ప్రమాణం) అని రాసి ఉన్న డబ్బాయే తీసుకోండి. మన బళ్లలో ఇంజనుకూ, గేరు బాక్సుకూ, క్లచ్చుకూ ఒకటే ఆయిల్ కనుక కారు ఆయిల్ పోస్తే క్లచ్చు జారవచ్చు.

రాయగడ నుండి, పాత బళ్ల యజమాని:
వైద్యం కాదన్నది నిజం. అయినా వైద్యుడి దగ్గరకు చేరేదాకా బండి బతకాలి కదా! సుంకి ఎక్కుడులో మట్టం కింది గీత కంటే తక్కువగా ఉంటే మొదట ఎండిపోయేది పైనున్న, వాల్వులను నడిపే కామ్, రాకర్ భాగాలు. కింది గీత దగ్గరకు వచ్చిన బండికి ఆయిల్ కలపకుండా ఘాట్ ఎక్కించడాన్ని నేను ఎన్నటికీ ఒప్పుకోను.

పర్లాకిమిడి నుండి ఒక సభ్యురాలు:
తగ్గడం గురించే మాట్లాడుతున్నారు, పెరగడం గురించి కూడా ఒక మాట చేర్చనివ్వండి. గత ఏడాది నా బండిలో చుక్క కూడా పోయకుండానే మట్టం పై గీత దాటింది. గేజీని వాసన చూస్తే పెట్రోలు. కార్బురేటరులో ఫ్లోట్ సూది (పెట్రోలు రాకను ఆపేది) సరిగా మూసుకోక, నిలిపి ఉన్నప్పుడు పెట్రోలు ఇంజనులోకి దిగుతున్నదని మేస్త్రీ తేల్చారు. పలుచబడిన ఆ ఆయిల్‌తో నడిపి ఉంటే బోరు (సిలిండరు లోపలి గోడ) పాడయ్యేది. మాస్టారు తన ఆయిల్‌ను వాసన కూడా చూడాలని నా మనవి.

సెమిలిగుడ ఉపాధ్యాయుడు:
అందరికీ కృతజ్ఞతలు. పాఠశాల వరండాలో మెయిన్ స్టాండు వేసి, నాలుగు నిమిషాలు తిప్పి, మూడు నిమిషాలు ఆగి, గేజీని బిగించకుండా చూశాను. పెట్రోలు వాసన లేదు. ఆయిల్ పై గీత కంటే ఎక్కువగానే ఉంది, అంటే నేను పోసిన 100 మిల్లీలీటర్లు అనవసరం. సిరంజికి సన్నని గొట్టం తగిలించి, పై గీతకు కొంచెం కిందికి వచ్చేదాకా తీసివేశాను. తేదీ, కిలోమీటర్లు, మట్టం ఒక నోటు పుస్తకంలో రాశాను. వచ్చే ఆదివారం మా తమ్ముడు వేరే బండి మీద నా వెనుక సుంకి దిగువ వరకు వస్తానన్నాడు. థ్రాటిల్ ఇచ్చినప్పుడు పొగ వస్తుందో లేదో అతడు చూస్తాడు, రంగుతో సహా ఇక్కడ రాస్తాను.