సమస్య: “కుక్క లేక తోట దక్కదెపుడు” (పూరణలు, చర్చ)

ఈసారి ఇస్తున్నది ఆటవెలది పద్యం నాలుగో పాదం. దానికి ముందు మూడు పాదాలు రాసి పద్యం పూర్తి చేయడమే పూరణ.

కుక్క లేక తోట దక్కదెపుడు

పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒకచోట జత అక్షరం పడటం యతి. ఇందులో ఉన్నది ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరం కలవడం (కుక్క – దక్క). మిగతా మూడు పాదాల్లో ఏ యతి వేసుకున్నా సరే. సందర్భం మాత్రం ఒకటే: పెంపుడు కుక్కను వెంటబెట్టుకుని పాతకాలపు భవంతినీ దాని తోటనూ చూడబోవడం. ఇలాంటి చాలా చోట్ల కుక్కని తోటలోకి, అదీ మెడకి తాడు ఉంటేనే, రానిస్తారు. భవంతి గడప మాత్రం దాటనివ్వరు. కొన్ని చోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు. పాదమేమో కుక్క లేకపోతే తోటే దక్కదంటోంది. ఈ అడ్డదిడ్డపు మాటని నిజమనిపించాలి, అదే పరీక్ష. నిబంధనని తిట్టిపోసే పద్యాలు మాత్రం వద్దండీ. పాత చెక్క నేల మీద గోళ్ళ గీతలు పడితే మళ్ళీ పోవు, తివాచీల్లో చిక్కుకున్న వెంట్రుకలు ఉన్నిని తినే పురుగులకి మేత. ఆ కాపలా వెనక కారణం ఉంది.

పూరణ 1

రాతిబాట మీద రగిలెడి యెండలో
పాదములవి కాల పరుగులిడుచు
నీడ వెదకి నాకు నెలవును చూపించు
కుక్క లేక తోట దక్కదెపుడు

*విమర్శ:* గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. “చూపించు కుక్క” అని సమస్యకి అతికించిన తీరు హాయిగా ఉంది. నా బాధ రెండో పాదంతో, అదీ ఛందస్సు గురించి కాదు. కుక్క పాదాలు కాలుతుంటే మనం నీడలో ఆనందిస్తున్నామంటే పద్యం చేదవుతుంది. చేతి వెనక భాగాన్ని ఆ రాతి మీద ఆనించి చూడండి, ఏడు సెకన్లు ఓర్చుకోలేకపోతే కుక్కని దాని మీద నడిపించకూడదు. ఒంటి వేడిని అది ముఖ్యంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది, మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. ఆ పాదం మార్చండి.

*కవి జవాబు:* నిజమేనండీ. రెండో పాదం ఇలా మారుస్తున్నాను: “పాదమూనకుండ పచ్చికపయి”. ఇప్పుడు అది రాయి మీద కాలు పెట్టకుండా గడ్డి మీద నీడ వెతుకుతుంది.

*విమర్శ:* ఇది చాలా బాగుంది. కుక్క తెలివి కూడా పద్యంలోకి వచ్చింది.

పూరణ 2

చూపు లేని నాకు చూపయి నడిపించి
పూల వైపు, పిదప కొలను వైపు,
మేడలోనికైన మెల్లగ గొనిపోవు
కుక్క లేక తోట దక్కదెపుడు

*విమర్శ:* భావానికి నమస్కారం. అందరి కుక్కల్నీ ఆపే గడప దగ్గర ఈ కుక్కని ఆపరు, మూడో పాదంలో ఆ సంగతి ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పారు. శిక్షణ పొందిన సహాయక కుక్కల్ని లోపలికి తీసుకెళ్ళే హక్కుని అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం, బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం కాపాడుతున్నాయి. అలాంటి కుక్క ఎదురైతే మన కుక్కని దాని దగ్గరికి పోనివ్వకండి, పిలవకండి, అది పనిలో ఉంటుంది.

ఇక దోషం. రెండో పాదంలో “పూ”కి “కొ” యతి చెల్లదు. పూల – కొలను ప్రాసయతి అనుకున్నారేమో, అదీ కుదరదు, ఎందుకంటే “పూ” గురువు (సాగదీసి పలికేది), “కొ” లఘువు (పొట్టిగా పలికేది). ప్రాసయతికి ముందక్షరాలు రెండూ గురువులో, రెండూ లఘువులో కావాలి. “పూల వైపు, మల్లె పొదల వైపు” అంటే యతి నిలుస్తుంది. పైగా చూపు లేని మనిషికి మల్లెల వాసన తోటని దూరం నుంచే పట్టిస్తుంది కదా.

పూరణ 3

రాజు కోరె తనకు రాజగోరీ గాదు,
తోడు తిరిగినట్టి జోడు చెంత
మట్టి యింత చాలు, మరణించు వానికి
కుక్క లేక తోట దక్కదెపుడు

*కవి మాట:* ఈ రాజు పాతకాలపు జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రభువు రెండో ఫ్రెడరిక్. పోట్స్‌డామ్‌లో తాను కట్టించుకున్న సాన్సూసీ భవనం ముందు, ద్రాక్షతోట మెట్ల పైన, తన గ్రేహౌండ్ కుక్కల పక్కనే, ఆడంబరం లేకుండా పాతిపెట్టమన్నాడు. 1786 ఆగస్టు 17న పోయాడు. తర్వాత గద్దెనెక్కిన వాడు ఆ మాట వినకుండా చర్చిలో, తండ్రి పక్కన పెట్టించాడు. చివరికి 1991 ఆగస్టు 17న ఆయన్ని కుక్కల పక్కకి చేర్చారు.

*విమర్శ:* 205 ఏళ్ళు! ఇది తెలిశాక “దక్కదెపుడు” చదివితే గుండె బరువెక్కింది. ఒక్క మాట, “రాజగోరీ” వైరిసమాసం, సంస్కృతపు మాటకి పక్కన గోరీ పొసగదు. “రాచగోరీ” అనండి, గణం మారదు, యతి చెడదు. నాకింకో చిన్న అసంతృప్తి ఉంది: కథ తెలియని పాఠకుడికి “జోడు” అంటే కుక్కలని నాలుగో పాదం దాకా తట్టదు. అది లోపమో అందమో మిగతా సభ్యులు చెప్పాలి. నేనైతే అందమనే అంటాను.

పూరణ 4

మేడలోన నున్న మెరుపులు చూచిరి
తోడివారు; నేను తోటనుంటి;
తాడు లాగి నన్ను దారుల నడిపెను
కుక్క; లేక తోట దక్కదెపుడు

*విమర్శ:* ఈ విడత నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. “కుక్క” దగ్గర వాక్యం ఆపేసి “లేక”ని “లేకుంటే” చేశారు. సమస్య అక్కడే విడిపోయింది. నిబంధనతో పోట్లాట లేదు, ఏడుపు లేదు. లోపలికి వెళ్ళలేని వంతు తనకి వచ్చింది, ఆ వంతులోనే తోట దొరికింది. మనుషులుగా మనం పూలు చూసేసి ముందుకి పోతాం, కుక్క ప్రతి చెట్టు మొదలు దగ్గరా ఆగుతుంది.

*కవి జవాబు:* అవునండీ, మావాడు పాత బావి గట్టుని వాసన చూస్తూ కదలనే లేదు. నేనూ వంగి చూస్తే చేదతాళ్ళు ఒరిసి ఒరిసి రాతి అంచున వేలు పట్టేంత గాళ్ళు పడి ఉన్నాయి. లోపలికి వెళ్ళొచ్చిన వాళ్ళెవరూ ఆ బావిని చూడలేదు.

*ఇంకో సభ్యురాలు:* తాడు లాగనిచ్చారు సరే, పొదల దగ్గర మాత్రం పొట్టిగా పట్టుకోండి. పాత తోటల్లో గన్నేరు ఎక్కువ, దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. సైకాస్ (ఈతచెట్టులా కనిపించే అలంకార మొక్క) గింజలు ఇంకా ప్రమాదం, కాలేయాన్ని దెబ్బతీస్తాయి. నమిలిందని అనుమానం వస్తే చాలు, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, వాంతి అయ్యేదాకా చూడకూడదు. ఇంకో సందేహం, “లేక”కి “లేకుంటే” అనే అర్థం ఒప్పుకోవచ్చా?

*విమర్శకుడి జవాబు:* కొంచెం సాగదీయడమే, మామూలు పద్యంలో అయితే “లేకున్న” అనమని చెప్పేవాణ్ణి. పూరణలో ఇచ్చిన పాదంలోని అక్షరం మార్చడానికి వీల్లేదు కాబట్టి ఇంత వెసులుబాటు ఇస్తాం. గన్నేరు మీద ఎవరైనా పూరణ రాస్తే బాగుంటుంది, రేపు సాయంత్రం దాకా పంపవచ్చు.