హైవే ఎక్కితే పికప్ వెనక ఊగుతోంది, ఎక్కడ చూడాలి?

గూడూరు నిమ్మ:
అన్నలూ, సొంత పికప్. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. గూడూరు నుంచి కోయంబేడుకు నిమ్మకాయల బస్తాలు తోలుతుంటా. రెండు నెలల నుంచి నాయుడుపేట దాటి స్పీడు 70 ఎక్కిందంటే వెనక భాగం పడవలా అటూ ఇటూ పోతోంది. స్టీరింగ్ మాత్రం చేతిలో నిలకడగానే ఉంటుంది. 50లో ఏమీ ఉండదు. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించా. ఒక షెడ్డులో షాకబ్జర్లు పోయాయని రెండూ మార్చారు. డబ్బు పోయింది, ఊగుడు పోలేదు. రాత్రిపూట కంటైనర్ లారీ పక్కనుంచి దాటుతుంటే టెన్షన్‌తో చేతులు చెమటలు పడుతున్నాయి.

ఒంగోలు డీజిల్:
టైర్లలో గాలి చూసుకున్నావా? డోరు దగ్గర స్టిక్కర్ మీద ఖాళీ బండికి ఎంత, లోడుకి ఎంత అని రాసుంటుంది. నేను పంక్చర్ షాపు మీటరు నమ్మి ఏడాది తిరిగా. సొంత మీటరు కొన్నాక చూస్తే వెనక రెండు టైర్లకీ పది పాయింట్ల తేడా!

ఉలవపాడు మామిడి:
లోడు ఎక్కడ పడుతోంది తమ్ముడూ? సీజన్లో మా వాళ్లు ట్రేలు వెనక డోరు దాకా పేర్చి, పైన ఇంకో వరస వేస్తారు. బరువు వెనక ఇరుసు దాటి పడిందంటే ముందు చక్రాలు తేలిపోతాయి, తోక ఊపడం మొదలు. సింగరాయకొండ దగ్గర మధ్యాహ్నం సముద్రం గాలి పక్కనుంచి కొట్టిందా, పైన టార్పాలిన్ తెరచాపే.

గూడూరు నిమ్మ:
బస్తాలు క్యాబిన్‌కి ఆనించే వేస్తాం అన్నా. గాలి ఇవాళ వేరే మీటరుతో చూశా, సరిగ్గా ఉంది. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు కూడా కొంచెం ఊగుతోంది.

కావలి షెడ్డు:
ఒక్కటి చెప్పు. యాక్సిలరేటర్ తొక్కితే ఒక పక్కకి, వదిలేస్తే ఇంకో పక్కకి లాగుతోందా?

గూడూరు నిమ్మ:
అవునన్నా! తొక్కితే ఎడమకి, వదిలితే కుడికి. రోడ్డు వాలు అనుకుంటున్నా ఇన్నాళ్లూ.

కావలి షెడ్డు:
వాలు కాదబ్బాయ్. టైరుదో గాలిదో అయితే స్పీడును బట్టి పెరుగుతుంది, నీ కాలితో దానికి పని లేదు. నీ బండికి ఇరుసే జరుగుతోంది. ఇరుసును కమాన్ కట్టకి, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టకి, బిగించి పట్టుకునేవి యూ బోల్టులు. కట్ట మధ్యలో సెంటర్ బోల్టు ఉంటుంది, దాని తల ఇరుసు మీద గుంటలో కూర్చుంటుంది. యూ బోల్టులు వదులైతే తోపుడంతా ఆ చిన్న బోల్టు మీద పడి అది తెగుతుంది. ఇక తొక్కినప్పుడు ఆ పక్క ఇరుసు ముందుకి, వదిలినప్పుడు వెనక్కి. వెనక చక్రాలకి కూడా స్టీరింగ్ పెట్టినట్టే! ముందు చక్రాలకి మాత్రమే చేసే అలైన్‌మెంట్‌లో ఇది దొరకదు.

చదునుగా ఉన్న చోట ఆపి చక్రాలకి రాళ్లు పెట్టు. టేపుతో కట్ట ముందు కొసను ఛాసిస్‌కి పట్టే పిన్ను నుంచి ఇరుసు మధ్యకి కొలువు, రెండు పక్కలా. యూ బోల్టుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి గానీ, రుద్దుకుని మెరిసే ఇనుము గానీ ఉందేమో చూడు. కట్ట కొసల్లో పిన్ను చుట్టూ ఉండే బుష్‌ల దగ్గర రాడ్ పెట్టి ఎత్తి, వదులుగా ఉన్నాయేమో చూడు. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగ్ సంగతీ తెలిసిపోతుంది. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందకి దూరొద్దు.

రొయ్యల డబ్బా:
నాకైతే టైరే. వెనక కుడి టైరుకి లోపలి పక్క బుగ్గ వచ్చింది, బయటికి కనపడలా. చేత్తో తడిమితే నిమ్మకాయంత గడ్డ. స్టెప్నీ వేసి తోలితే ఊగుడు పోయింది. ఇంకోటి, ఊగుతున్నప్పుడు సడన్ బ్రేక్ కొట్టొద్దు, స్టీరింగ్ తిప్పి సరిచేయబోవద్దు. కాలు మెల్లగా తీసేయ్.

గూడూరు నిమ్మ:
కొలిచా. కుడివైపు కంటే ఎడమ సెంటీమీటరున్నర తక్కువ! విప్పితే సెంటర్ బోల్టు రెండు ముక్కలు. పోయినేడు లోడు ఎక్కువ పడుతోందని ఒక షెడ్డులో అదనంగా పట్టీ వేయించా. పాత యూ బోల్టులే మళ్లీ బిగించి పంపారు, నేనూ తర్వాత చూపించలేదు. ఇప్పుడు రెండు పక్కలా సెంటర్ బోల్టులు, యూ బోల్టులు కొత్తవి పడ్డాయి. నిన్న రాత్రి లోడుతో తడ దాకా 80లో పోయా, ఊగలేదు. షాకబ్జర్ల డబ్బు గుర్తొస్తేనే కడుపు మండుతోంది.

కావలి షెడ్డు:
రెండు ట్రిప్పులు తిరిగాక లోడు మీదే యూ బోల్టులు మళ్లీ బిగించుకో. కొత్తవి కొంచెం సాగుతాయి. తెగిన బోల్టు ఫొటో పెట్టు.

గూడూరు నిమ్మ:
పెట్టా చూడన్నా.

కావలి షెడ్డు:
ఫొటో రాలా.

గూడూరు నిమ్మ:
ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు. బస్తాలు ఎక్కుతున్నాయి, దారిలో పెడతా.