ఐదు నెలల కుక్కపిల్లను నీళ్లలోకి మనమే దించాలా, అదే దిగేదాకా ఆగాలా?

కొత్తచేయి:
మా చుక్కకు (ల్యాబ్రడార్, ఆడది) మొన్ననే ఐదు నెలలు నిండాయి. నేల మీద డమ్మీ (విసిరి తెప్పించడానికి వాడే శిక్షణ బొమ్మ) విసిరితే ముప్పై అడుగుల దూరం పరిగెత్తి, నోట కరుచుకుని, తిన్నగా నా చేతికి తెచ్చి ఇస్తుంది. అదే డమ్మీ నీళ్లలో పడితే మాత్రం పాదాలు తడిసేదాకా వెళ్లి ఆగిపోతుంది. కాసేపు దాన్ని చూసి మొరిగి, తర్వాత నా వైపు చూస్తుంది. మా బంధువొకాయన "ఎత్తుకెళ్లి లోతులో వదిలెయ్, తన్నుకుంటూ అదే వస్తుంది" అంటున్నారు. ఇంకొకరేమో ఏడాది నిండేదాకా నీళ్ల జోలికే పోవద్దన్నారు. పెద్దయ్యాక నీళ్లలోంచి వస్తువులు తెచ్చేలా తయారుచేయాలని నా కోరిక. ఎవరి మాట వినాలి?

లోతునీరు:
ఇరవై రెండేళ్లుగా కుక్కల్ని పెంచుతున్నాను, నా చేతుల్లో తొమ్మిది పెరిగాయి. దేన్నీ ఒడ్డున నిలబెట్టి బతిమాలలేదు. నడుం లోతు దాకా నేనే ఎత్తుకెళ్లి, మూతి ఒడ్డు వైపు ఉండేలా పట్టుకుని వదిలాను. తొమ్మిదీ ఈదాయి. ల్యాబ్ అంటే కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో జాలర్ల పడవల దగ్గర పనిచేసిన కుక్కల సంతతి. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 1903లో ఆ జాతిని గుర్తించింది, కానీ అంతకు చాలా ముందు నుంచే వాటి బతుకు నీళ్లలో. వేళ్ల మధ్య పొర, నీరు పట్టని ఒత్తు బొచ్చు, చుక్కానిలా పనిచేసే లావుపాటి తోక, అన్నీ పుట్టుకతోనే ఉన్నాయి. మొక్కై వంగనిది మానై వంగదు. ఈ వయసులో దించండి.

రెండుకుక్కలు:
ముందు లైఫ్ జాకెట్ కొనండి, వీపు మీద పట్టుకోవడానికి పిడి ఉన్నది.

ఒడ్డుమనిషి:
కొత్తచేయి గారూ, దయచేసి ఆ పని చేయకండి. ఎందుకంటున్నానో కాస్త వివరంగా చెప్తాను.

నా మొదటి కుక్క టిప్పును నాలుగో నెలలో ఒక శిక్షకుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చెక్కబల్ల మీద నుంచి దాన్ని నీళ్లలోకి తోశాడు. ఈదింది, నిజమే. ముందుకాళ్లు రెండూ పైకెత్తి నీళ్లను కొడుతూ, కళ్లు తెల్లబడి, ఒడ్డుకు చేరి వణికింది. "చూశారా, వచ్చేసింది" అన్నాడాయన. ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది టిప్పు, ఒక్కసారి కూడా తనంతట తాను నీళ్లలో దిగలేదు. స్నానానికి బకెట్ చప్పుడు వినిపిస్తే మంచం కిందికి దూరేది. ప్రాణం పోతుందన్న భయంతో కాళ్లు ఆడించడం ఒకటి, నీళ్లలో పడ్డ వస్తువు కావాలని వెళ్లడం ఇంకొకటి. మీకు కావాల్సింది రెండోది.

రెండో కుక్కకు ఇలా చేశాను. ఎండకు నీళ్లు వెచ్చబడే వేళ చూసుకుని, నేల మెల్లగా వాలుగా దిగే చోటుకు తీసుకెళ్లాను. జారుడు రాళ్లు, గట్టు అంచు లేని చోటు. ముందు నేను దిగాను. అది నా వెనక మడమల లోతు దాకా వచ్చింది, అక్కడే ఆడుకున్నాం, ఇంటికొచ్చేశాం. అంతే. మూడో రోజు డమ్మీని సగం నీళ్లలో, సగం నేల మీద పడేలా వేశాను. తర్వాత జానెడు లోపలికి, ఆ తర్వాత బారెడు. ఎప్పుడూ కాలు నేలకు అందే లోతులోనే. ఈత తెలిసిన పెద్ద కుక్క ఒకటి పక్కనుంటే పని సగం తగ్గుతుంది, మా స్నేహితుడి కుక్కను అప్పు తెచ్చుకున్నాను. వెనక కాళ్లు మొదటిసారి నేల వదిలిన రోజు పొట్ట కింద చెయ్యి పెట్టాను, ఎందుకంటే పిల్లలు ముందుకాళ్లతోనే ఈదబోతాయి, నడుము మునిగిపోతుంది. నడుము పైకి లేస్తే వీపు నీళ్లకు సమంగా వస్తుంది, అప్పుడు ఆ చిందులాట దానంతటదే ఆగిపోతుంది. హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ వేసే పట్టీకి) పొడవాటి తేలిక తాడు కట్టి ఉంచాను. మొత్తం ఐదు వారాలు పట్టింది.

ఇంకోటి, పళ్లు మారే వయసు కదా (నాలుగు నుంచి ఆరు నెలలు), చిగుళ్లు నొప్పిగా ఉన్న రోజు అసలు విసరకండి.

లోతునీరు:
తాడు కట్టానని మీరే రాశారు. తాడు కట్టి లాగడం బలవంతం కాదా? నేను ఎత్తుకెళ్తే తప్పు, మీరు తాడుతో లాగితే ప్రేమా?

ఒడ్డుమనిషి:
లాగానని నేనెక్కడ రాశాను? డమ్మీ నోట్లో పెట్టుకుని ఇంకోవైపు ఈదుకుంటూ పోయి ఆట మొదలుపెట్టకుండా ఆ తాడు. లోపలికి పంపడానికి కాదు, తిరిగొచ్చే దారి తప్పకుండా.

లోతునీరు:
తాడు తాడే. నీళ్లలో తాడు కాళ్లకు చుట్టుకుంటే ఏమవుతుందో మీకు తెలుసా? అడుగున కొమ్మకు తట్టుకుంటే? నా తొమ్మిది కుక్కల్లో దేనికీ నీళ్లలో తాడు కట్టలేదు.

ఒడ్డుమనిషి:
చివర ముడి, పిడి లేని తాడు, నీటి మీద తేలేది, కొస ఎప్పుడూ నా చేతిలోనే, కొమ్మలూ నాచూ లేని చోటు. మెడపట్టీకి కాదు, హార్నెస్‌కు. అయినా రాసిందంతా వదిలేసి ఆ ఒక్క తాడునే పట్టుకుని వేలాడుతున్నారు. పొట్ట కింద చెయ్యి సంగతి ఏమంటారు? చెక్కబల్ల మీద నుంచి తోయడం గురించి ఏమంటారు?

లోతునీరు:
నేను తోయమనలేదు. నడుం లోతులో వదలమన్నాను. ఆ శిక్షకుడు చేసిన తప్పును నా మీద వేయకండి.

పట్టునఖం:
మా పగ్ బొద్దుగా రాయిలా మునిగిపోతుంది. అన్ని కుక్కలకూ ఈత పుట్టుకతో వస్తుందన్న మాట ఇక్కడ ఎవరూ రాయకండి, చదివినవాళ్లు నమ్ముతారు.

వైద్యవిద్యార్థి:
పశువైద్యం చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎలా దించాలన్న దాంట్లో నేను తలదూర్చను. దించాక ఏం చూసుకోవాలో మాత్రం చెప్తాను, దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

నీళ్లలోంచి మళ్లీ మళ్లీ తెప్పిస్తే కుక్క ప్రతిసారీ కొంత నీరు మింగుతుంది. టెన్నిస్ బంతిలాంటి గుండ్రటి వస్తువైతే నోరు పెద్దగా తెరవాలి కాబట్టి ఇంకా ఎక్కువ. మితిమీరితే రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది. పొట్ట ఉబ్బడం, వాంతి, చొంగ, తూలుతూ నడవడం, చూపు మందగించడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, గంటల్లో ప్రాణం మీదకు వస్తుంది. అందుకే సన్నటి డమ్మీ వాడండి, పిల్లకైతే నాలుగైదు సార్లకే ఆపేయండి. ఇంకా తెస్తానని అది ఉబలాటపడుతున్నప్పుడే ఆపడం మంచిది. కర్రలు విసరకండి, మొన గొంతులో గుచ్చుకుంటుంది.

చల్లటి నీళ్లలో ఎక్కువసేపు ఈదాక మర్నాడు తోక మొదలు దగ్గర నుంచి వేలాడిపోతే విరిగిందని కంగారు పడకండి. కండరం బిగుసుకుపోవడం అది, చాలావరకు కొద్ది రోజుల్లో తగ్గుతుంది, నొప్పికి మందు ఉంది. నీళ్ల మీద ఆకుపచ్చ రంగు పోసినట్టు తెట్టు కనిపిస్తే ఆ రోజుకు వెనక్కి వచ్చేయండి. ఆ నాచులో కాలేయాన్నీ నరాలనూ దెబ్బతీసే విషం ఉండొచ్చు, దానికి విరుగుడు లేదు. లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే, నీళ్ల ద్వారా సోకే జబ్బు) టీకా పడిందో లేదో చూసుకోండి. ఇంటికొచ్చాక చెవులు ఆరబెట్టండి, ల్యాబ్ చెవులు వాలి ఉంటాయి కాబట్టి లోపల తడి నిలుస్తుంది.

రెండుకుక్కలు:
బంతి సంగతి నాకు తెలియదు. ఈరోజే మానేస్తున్నాను.

కొత్తచేయి:
అందరికీ కృతజ్ఞతలు. కానీ ఒక చెడ్డ వార్త. ఒడ్డుమనిషి గారు చెప్పినట్టే మొదలుపెట్టాను, మూడు రోజుల్లో మోకాళ్ల దాకా వచ్చింది. ఈరోజు ఫోన్ వచ్చి నేను పక్కకు వెళ్లిన రెండు నిమిషాల్లో మా బంధువు దాన్ని ఎత్తుకెళ్లి లోతులో వదిలారు. నేను వెనక్కి పరిగెత్తేసరికి అది ఒడ్డుకు చేరి దగ్గుతోంది. తర్వాత నా దగ్గరికి కూడా రాలేదు, కారు కింద దూరింది. సాయంత్రం డమ్మీ చూపిస్తే తల పక్కకు తిప్పేసుకుంది. నాకు చాలా బాధగా ఉంది.

వైద్యవిద్యార్థి:
ఊపిరి గమనించండి. దగ్గు తగ్గకపోయినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, చిగుళ్లు పాలిపోయినా ఈ రాత్రే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఊపిరితిత్తుల్లోకి నీరు పోతే కొన్ని గంటల తర్వాత కూడా తేడా చేయొచ్చు.

ఒడ్డుమనిషి:
లోతునీరు గారూ, చూశారా. ఇదే మీ నడుం లోతు. మీలాంటివాళ్లు ఇక్కడ "తొమ్మిదీ ఈదాయి" అని రాస్తారు, ఎవరో చదివి ఎవరి పిల్లనో ఎత్తుకెళ్తారు. మూడు రోజుల నమ్మకం రెండు నిమిషాల్లో పోయింది. మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్లు. తొమ్మిదిలో ఎన్ని సంతోషంగా ఈదాయో, ఎన్ని తప్పక ఈదాయో మీరు ఏనాడైనా చూశారా?

లోతునీరు:
ఆ బంధువు నా పోస్ట్ చదివి చేశాడని మీకెవరు చెప్పారు? నేను లేకపోయినా ఆయన ఆ మాటే అంటున్నాడని మొదటి పోస్ట్‌లోనే ఉంది.

ఇంకో మాట. తొమ్మిది అని రాశాను కదా, నిజానికి పది. మొదటిదాన్ని లెక్కలో వేయలేదు. దానికి నీళ్లంటే బెదురు. నేనూ మీలాగే అనుకున్నాను, దానికి ఇష్టమైనప్పుడు దిగుతుందిలే అని. పదో నెలలో పక్కింటి నీళ్ల తొట్టెలో పడింది. నిలువు గోడలు. మేం వెతుక్కుంటూ వెళ్లేసరికి అయిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఏ పిల్లనూ దాని ఇష్టం అడగలేదు, ఇకపైనా అడగను. నాకు డమ్మీ తేవడం ముఖ్యం కాదు. నీళ్లలో పడితే బతకాలి. మీరు ఐదు వారాలు ఓపిక పట్టారు, మంచిదే. ఆ ఐదు వారాల్లో నాలుగో వారం అది ఎక్కడో పడితే?

ఒడ్డుమనిషి:
నాకు ఈ సంగతి తెలియదు. తెలిసి ఉంటే అలా రాసేవాణ్ని కాదు. క్షమించండి.

కానీ ఇప్పుడు అర్థమవుతోంది, మనం మొదటి నుంచీ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్తున్నాం. మీరు ప్రమాదం గురించి, నేను పని గురించి. నొప్పించాలని కాదు గానీ, నిలువు గోడల తొట్టెలో ఈత వచ్చిన కుక్క కూడా అలసిపోయి మునిగిపోతుంది. దానికి పట్టు దొరకాలి, లేదా బయటికి దారి ఎక్కడో తెలిసి ఉండాలి. లోతులో వదిలితే ఆ దారి నేర్చుకోదు. కాబట్టి మీ భయానికి మందు తొట్టె మీద మూత, చుట్టూ కంచె, మెట్లున్న చోట "ఇక్కడ్నుంచి ఎక్కు" అని పదేపదే చూపించడం. అది మొదటి వారంలోనే నేర్పొచ్చు, పాదాలు తడిసే లోతులో.

లోతునీరు:
మూత సంగతి నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు. కానీ కొత్త చోటుకు వెళ్తే అక్కడ మూతలుండవు. ఏడాది నిండేలోపు ఈత రాని కుక్కను నేనైతే ఎత్తుకునే దించుతాను, జాకెట్ వేసి. జాకెట్ సంగతి మాత్రం ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పట్టునఖం:
చుక్క ఎలా ఉందో ఎవరైనా అడగండి.

కొత్తచేయి:
దగ్గు ఆ రాత్రే ఆగింది, డాక్టర్ చూసి ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు. అందుకే వెంటనే రాయలేదు. ఇప్పుడు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఒడ్డుమనిషి:
రెండు వారాలు నీళ్ల వైపే వెళ్లకండి. నేల మీద డమ్మీ ఆట ఆపకండి, అదొక్కటీ దానికి నమ్మకంగా మిగలాలి. తర్వాత నీళ్లు కనిపించేంత దూరంలో కూర్చోండి, ఏమీ అడగకుండా. ఆరో నెల దాటాక చాలా పిల్లల్లో కొత్తగా బెదురు మొదలయ్యే కాలం ఒకటి వస్తుంది, అది వస్తే ఇంకా నెమ్మదించండి. ఆ బంధువు ఉన్న రోజు అసలు తీసుకెళ్లకండి.

కొత్తచేయి:
ఇరవై ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను. మా స్నేహితురాలి ఆరేళ్ల గోల్డెన్ రిట్రీవర్‌ను తోడు తీసుకెళ్లాను. అది దిగగానే చుక్క ఒడ్డు వెంట అటూ ఇటూ పరిగెత్తి, చివరికి పొట్ట తడిసేదాకా తనే వచ్చింది! డమ్మీని బారెడు దూరంలో వేస్తే తెచ్చింది కూడా. కానీ ఒడ్డెక్కగానే డమ్మీ కింద పడేసి ఒళ్లు విదిలించుకుంటోంది, చేతికి ఇవ్వడం లేదు.

ఒడ్డుమనిషి:
ఎంత మంచి మాట చెప్పారండీ! ఒడ్డు మీద నిలబడకండి, మీరే నీళ్లలో రెండడుగులు ముందుకు వెళ్లి, అది విదిలించుకునేలోపే చేతిలోకి తీసుకోండి. విదిలించుకోవడం ఆ తర్వాత. రోజు రోజుకూ ఒక్కో అడుగు వెనక్కి జరగండి. ఇప్పుడే కోప్పడకండి.

లోతునీరు:
సంతోషం. అది తిరిగొచ్చేది ఎప్పుడూ ఒకే వైపు నుంచా? ఆ చెరువుకు అవతలి ఒడ్డు ఎలా ఉంది, వాలుగా ఉందా, నిటారుగా ఉందా? నిటారుగా ఉంటే లోతుకు పంపే ముందు ఇంకో రెండు చోట్ల ఎక్కడం చూపించండి.

కొత్తచేయి:
అవతల రాతి గట్టు. ఎడమ పక్కన మెట్లున్నాయి, రేపు అక్కడికి నడిపిస్తాను.