జాకెట్ ప్లాట్‌ఫామ్‌కి స్టాటిక్ లెక్క చాలా, డైనమిక్ తప్పదా?

వేళచ్చేరి విద్యార్థి:
మా ఎంటెక్ ప్రాజెక్టులో సముద్రంలో 75 మీటర్ల లోతులో నిలబెట్టే ఉక్కు జాకెట్ ఉంది, అంటే ప్లాట్‌ఫామ్‌ని మోసే కాళ్ళ చట్రం. దాని నేచురల్ పీరియడ్, అంటే కదిపి వదిలేస్తే ఒకసారి ఊగడానికి పట్టే సమయం, 3 సెకన్లు. డిజైన్‌కి తీసుకున్న తుఫాను అల 12 సెకన్లది, అంటే 12 సెకన్లకి ఒకటి వస్తుంది. స్టాటిక్‌గా, అంటే ఊగడాన్ని పట్టించుకోకుండా లెక్క చేసి, వచ్చినదాన్ని కాస్త పెంచితే చాలని, ఊగడాన్ని కూడా లెక్కేసే డైనమిక్ అక్కర్లేదని క్లాసులో సగం మంది అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

అడయార్ సీనియర్:
వాళ్ళు చెప్పిందే సరి తమ్ముడూ. 3ని 12తో భాగించి వర్గం చెయ్యి, 0.0625. ఒకటిలోంచి అది తీసేసి, మిగిలినదానితో ఒకటిని భాగిస్తే 1.07. పెరిగేది ఏడు శాతమే! దానికోసం వారాల తరబడి కంప్యూటర్ నడపడం దండగ. ఆ టైమ్ పైల్స్ (సముద్రం అడుగున దిగేసే స్తంభాలు) మీద, నేల మీద పెట్టు. అసలు అనుమానాలన్నీ అక్కడే.

తిరువాన్మియూర్ నుంచి:
తుఫాను వరకు ఒప్పుకుంటానండీ. మరి మామూలు రోజుల సంగతి? 4 సెకన్ల చిన్న అలకి అదే లెక్క వేయండి, దాదాపు 2.3 రెట్లు వస్తుంది. ఒక్కో అల బలం తక్కువే, కానీ ఆగకుండా వస్తే రోజుకి 21,600. వెల్డ్ అలిసిపోయేది వాటికే. నీళ్ళ లారీ దగ్గర నిండు బిందె ఎత్తుకుని నడిచేవాళ్ళని చూడండి. అడుగు నీటి ఊపుతో కలిసిందా, చీరంతా తడుస్తుంది. కాస్త నడక మార్చగానే నీళ్ళు సర్దుకుంటాయి. 1980లో నార్త్ సీలో అలెగ్జాండర్ కీలాండ్ అనే రిగ్ తిరగబడి 123 మంది పోయారు. మొదటి పగులు ఒక చిన్న వెల్డ్ దగ్గరే.

అడయార్ సీనియర్:
కీలాండ్ తేలే రిగ్ అండీ, జాకెట్ కాదు. పైగా ఆ వెల్డే సరిగ్గా వేయలేదు. మీ 2.3లో ఇంకో సంగతి వదిలేశారు. లోతు నీళ్ళలో 4 సెకన్ల అల పొడవు 25 మీటర్లే. కాళ్ళ మధ్య దూరం అందులో సగముంటే, అల ముందు కాలిని ఒకవైపు నెట్టేటప్పుడు వెనక కాలిని ఎదురువైపు నెడుతుంది. చాలా బలం అక్కడికక్కడే రద్దయిపోతుంది.

తిరువాన్మియూర్ నుంచి:
వెల్డ్ లోపం నిజమే. అయినా ఆ పగులుని పెంచింది రోజూ వచ్చే అలలే కదండీ. రద్దు సంగతి బాగా చెప్పారు, నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కానీ కాళ్ళ దూరం సగం కాకుండా పూర్తి 25 మీటర్లయితే రెండు కాళ్ళనీ ఒకేసారి, ఒకేవైపు నెడుతుంది. తమ్ముడూ, మీది ఎంత?

వేళచ్చేరి విద్యార్థి:
ఇప్పుడే డ్రాయింగ్ తీసి చూశాను. నీటి మట్టం దగ్గర 24 మీటర్లు.

అడయార్ సీనియర్:
24 అయితే నా మాట సవరించుకుంటున్నాను. తుఫానుకి స్టాటిక్ చాలు. ఫెటీగ్‌కి, అంటే వెల్డ్ అలిసిపోవడానికి మాత్రం డైనమిక్ చెయ్యి, చిన్న అలల పట్టిక మీ గైడ్‌ని అడుగు.